గడ్డి దూడ

పోయిన వారం మనం శైలజను నిచ్చెన మీద వదిలేసి ఎవరి పనుల్లోకి వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక చెయ్యి అటక అంచు మీద, రెండో చంకలో గడ్డి కూరిన దూడ. కింద నిచ్చెన పట్టుకుని అత్తగారు చిన్నతల్లి. వీధిలో ఆటో ఆగిన చప్పుడు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. శైలజ వాళ్లది చీపురుపల్లి దగ్గర పల్లె. వరి, నువ్వు పండించే ఇల్లు. పశువుల సాలలో మూడు గేదెలు. ఒక్కగానొక్క కూతురు గౌరి పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. వీధికుక్కలకు టీకాలు వేసే శిబిరంలో ఆమెకు యుగంధర్ పరిచయమయ్యాడు. ఆ రోజు ఏ కుక్కా అతన్ని కరవకపోవడమే జరిగిన పొరపాటని చిన్నతల్లి అభిప్రాయం. యుగంధర్‌ది భోగాపురం అవతల సముద్రపు ఒడ్డు. తల్లి గురమ్మ చేపలమ్మి చదివించింది. ఆ కొడుకు చేప తినడు, మాంసం తినడు, గుడ్డు తినడు. అంతవరకూ పరవాలేదు, అలాంటివాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. కానీ పాలు తాగడు, పెరుగు తినడు, నెయ్యి ముట్టడు. వీగన్ అట. వేరే కులం అన్న గొడవ బంధువుల్లో కొన్నాళ్లు నడిచి చల్లబడింది. పెరుగు గొడవ మాత్రం రోజురోజుకీ పులుస్తోంది.

ఇవాళ రెండు వైపులవాళ్లూ కూర్చుని మాట ఇచ్చిపుచ్చుకోవాలి. "ఇది కాకపోతే ఇంకెవరి ముందూ కూర్చోనమ్మా" అని గౌరి ముందే చెప్పేసింది. గౌరి అరిచి చెప్పే పిల్ల కాదు. ఆమె మెల్లగా చెప్పిన మాటలే జరిగి తీరతాయని కన్నతల్లికి అనుభవం.

ఇక దూడ సంగతి. చుక్క గేదె ఈనిన దూడ చచ్చిపోయింది. దూడ మూతి తగలందే చుక్క చేపదు. పొదుగు పగిలేలా ఉన్నా చుక్క పాలు కిందికి వదలదు. అందుకని చచ్చిన దూడ తోలు తీయించి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి, పితికే వేళకు దాని ముందు నిలబెడుతున్నారు. మీద ఉప్పునీళ్లు చిలకరిస్తే చుక్క దాన్ని నాకుతూ పాలన్నీ వదిలేస్తుంది. ఆ చుట్టుపక్కల ఇదేం వింత కాదు. పాలు ముట్టని కాబోయే అల్లుడికి చూపించదగిన వస్తువు మాత్రం కాదు.

వాళ్లు వస్తామన్నది పదింటికి. దిగింది ఏడు కాకుండానే. గురమ్మ తప్పేం లేదు. చీకటితో ఇసకలో నిలబడి, పడవలు ఒడ్డు తాకుతుంటే బేరమాడే మనిషికి పదింటికి రోజు సగం అయిపోయినట్టే. శైలజ అప్పటికి పితకడానికి చుక్క కింద కూర్చోనేలేదు. వీధి మలుపులో ఆటో చప్పుడు వినబడేసరికి, చేతిలో ఉన్న దూడను ఇంట్లోకి పట్టుకొచ్చి అటకెక్కించడానికి మాత్రమే వ్యవధి చిక్కింది.

దూడను అటక మీద పాత పరుపుల వెనక్కి తోసి, చీర సర్దుకుని ఆమె కిందికి దిగేసరికి గురమ్మ గుమ్మంలో ఉంది.

"ఇదేటి వదినా, పొద్దున్నే అటకెక్కీసినావు?"

"బూజు దులుపుతన్నాను."

"పెళ్లి మాటల పూట బూజేటి?"

"మీరొస్తారనే వదినా."

గురమ్మ నవ్వింది. కొత్త చీర గంజి విరగకుండా అరుగు మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టు పశువుల సాలకు ఎదురుగా. చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. "సేపల తట్ట నేకుండా ఒకరి గడప తొక్కడం నాకిదే మొదలు. ఈ సేతుల్ని ఏటి సెయ్యాలో తెల్దు."

శైలజకు ఆ మనిషి అక్కడికక్కడే నచ్చేసింది. నచ్చడం వల్ల పని ఇంకా కష్టమైంది.

యుగంధర్ సన్నగా, మెతగ్గా ఉన్నాడు. విజయనగరంలో విరిగిన కాళ్లకూ పట్టేసిన నడుములకూ వ్యాయామం చేయించే ఉద్యోగం. వచ్చీ రాగానే చిన్నతల్లి మోకాళ్ల వైపు చూసి, "మామ్మా, ఎక్కువ సేపు గొంతుకూర్చోకండి" అన్నాడు. పాలు తాగనివాడి సలహా కాబట్టి ఆవిడ వెంటనే గొంతుకూర్చుంది.

శైలజ అతనికి బెల్లం, అల్లం వేసిన డికాషన్ ఇచ్చింది.

"నాకు పాలటీ ఇయ్యి వదినా. నాను ఆడి మతంలో కలవలేదు," అంది గురమ్మ.

మూడు గేదెల ఇంట్లో టీకి పాలు లేవు. రెండు వట్టిపోయి ఉన్నాయి, మూడోదాని దూడ అటక మీద ఉంది. "పొద్దున పాలు విరిగిపోయినాయి వదినా," అంది శైలజ. అంతలో సాలలోంచి చుక్క అరిచింది. పొడుగ్గా, గొంతు చివర విరిగేలా.

శైలజ భర్త నరసింగరావు పేపరు తిరగేశాడు. ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆయన పేపరు చదువుతాడు. పెద్ద కష్టమైతే సినిమా పేజీ కూడా వదలడు.

*

ఆ తరువాత శైలజ ఒక్కచోట నిలబడింది లేదు. పొయ్యి దగ్గరికి వెళ్లింది, అరుగు దగ్గరికి వచ్చింది, దొడ్డి గుమ్మంలోంచి తొంగి చూసింది. చుక్క పలుపు పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తోంది. గురమ్మ కదిలితే దూడను దించొచ్చు. గురమ్మ కదలదు. "నీ సాల బాగుంది వదినా, సల్లగా ఉన్నాది," అంటూ అదే పనిగా అటే చూస్తోంది.

వంటింట్లో చిన్నతల్లి కోడలి చెవిలో చెప్పింది. "గెడ్డ అవతల గంగులు దగ్గర సూది మందు ఉంతాది. ఒక్క పోటు పొడిస్తే పాలు సేపీద్ది."

అరిటాకులు తుడుస్తున్న గౌరి తల ఎత్తకుండానే అంది. "ఆ సూది ఈ సాలలోకి వస్తే నేను ఇంట్లోంచి పోతాను మామ్మా."

"పోతావు కదే ఎలాగూ. సముద్రం ఒడ్డుకి."

ఎండ నడినెత్తికి రాకముందే ఆకులు వేశారు. ఆవ పెట్టిన పనసపొట్టు, అరటికాయ వేపుడు, ఉలవచారు, నువ్వుల పొడి, కొబ్బరిపాలతో పరమాన్నం. పెరుగు బదులు పచ్చిపులుసు. పాడి ఉన్న ఇంట్లో పెరుగు లేని విస్తరి వేసి, శైలజ అత్తగారి మొహం వైపు చూడలేదు.

"పనసపొట్టు బాగుంది," అంది గురమ్మ. "నాలుగు ఎండు నెత్తళ్ల సేపలు పడుంటే ఇంకా బాగున్ను."

"అమ్మా," అన్నాడు యుగంధర్.

"ఏటి అమ్మా? నోట్లోకి రాకూడదు, మాటల్లోకీ రాకూడదా?" గురమ్మ శైలజ వైపు తిరిగింది. "ఈడి సదువుకి ఎన్ని కానాగంత సేపలు పోయినాయో సముద్రానికే తెలవాల వదినా. ఆ సదువు సదివీసి, సేప తినడం పాపమని నాకే సెప్పినాడు."

"పాపమనలేదమ్మా. నేను తిననన్నాను. అవి పోయిన సంగతి నాకు గుర్తుంది, అందుకే తిన్ను." అతను శైలజకు చెప్పాడు, నెమ్మదిగా. "చిన్నప్పుడు మా నాన్న వలలో పెద్ద తాబేలు పడింది అత్తా. వల విడిపించడానికి దాన్ని కొట్టారు. అది చాలాసేపు నన్నే సూసింది."

"వల సిరిగితే ఆ నెల నీకు కూడు నేదు," అంది గురమ్మ. "తాబేలుకి ఆ సంగతి తెల్దు. నీకైనా తెలవాల."

చిన్నతల్లి ఇక ఆగలేకపోయింది. "నాయనా, రామతీర్థంలో సామికే పాల పరమాన్నం పెడతారు. సామి కంటే గొప్పోడివేటి?"

"సామి తినడు కదా మామ్మా. సూసి ఊరుకుంటాడు. నేనూ అంతే."

నరసింగరావు పేపరు వెనక దగ్గాడు. అది నవ్వని శైలజకు తెలుసు.

"అదికాదు. అందరూ నీలాగ పాలు మానీస్తే గేదిలు సుకంగా బతికీస్తాయనుకుంతన్నావు. పాలియ్యని గేదిని ఎవులు మేపుతారు? మర్నాడే లారీ ఎక్కించీస్తారు."

"నన్ను మేపుతన్నారు కదా మామ్మా. నేనేటి ఇస్తన్నాను మీకు?"

ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వకుండా ఉండడానికి పచ్చిపులుసు జుర్రింది. ఫరవాలేదు, ఈ పూట గట్టెక్కేస్తాం అనుకుంది శైలజ. ఎప్పుడైనా ఆమె అలా అనుకున్న మరుక్షణమే ఏదో ఒకటి జరుగుతుంది, అయినా అనుకోవడం మానదు.

"నేను ఎవరికీ పాఠం సెప్పను అత్తా," అన్నాడు యుగంధర్. "పాలమ్ముకునే ఇళ్లు చాలా సూసాను. మగదూడ పుడితే మూతికి పాలతడి తగలనియ్యరు. వారం పది రోజుల్లో అదే పోతాది. సంపినట్టూ ఉండదు. గౌరి సెప్పింది, మీ ఇంట్లో అలాగ కాదని. మూడు సన్నులు మీకు, నాలుగోది దూడకి, అది మగదైనా ఆడదైనా. నేను పాలు తాగను. కానీ ఆ ఇంట్లో కూర్చుని అన్నం తినగలననుకున్నాను."

గౌరి వడ్డిస్తున్న గరిటె ఒక క్షణం గాలిలో ఆగింది. తరువాత అన్నం మామూలుగానే పడింది.

చుక్క మళ్లీ అరిచింది. ఈసారి ఆగకుండా.

"పొద్దున్నుంచి ఒకటే అరుపు," అన్నాడు యుగంధర్. "దాని దూడ ఏది?"

శైలజ నోటి చివర అబద్ధం అప్పటికే తయారుగా ఉంది. "మా మరిది సాలలో కట్టినాం బాబూ."

"ఎందుకు?"

"ఇక్కడ ఈగలు."

"అక్కడ ఉండవా?" అంది గురమ్మ. ఆవిడ అమాయకంగానే అడిగింది.

"నేను తీసుకొస్తాను. ఏ ఇల్లు?" యుగంధర్ లేవబోయాడు.

"తిను బాబూ. ఇస్తరి ముందు నుంచి లేవకూడదు."

గౌరి గరిటె అన్నం గిన్నెలో పెట్టింది. దొడ్డి గుమ్మం దాకా వెళ్లి చుక్కను చూసి వచ్చింది. వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"పొదుగు రాయిలాగ అయిపోయిందమ్మా. ఇంకో గంట ఆగితే వాపు వచ్చీస్తాది. తరవాత సన్నులో చీము పట్టీద్ది."

"గౌరీ."

"అది ఏటి పాపం సేసింది?"

గౌరి నిచ్చెన జరిపి అటకకు వేసింది. చిన్నతల్లి పట్టుకోలేదు. నరసింగరావు పేపరు మడిచి, లేచి వచ్చి పట్టుకున్నాడు. ఆ ఇంటి చరిత్రలో పేపరు మధ్యలో ఆగడం అదే మొదలు.

*

పరుపుల వెనక ఇరుక్కున్న దూడకు ఒక ముందరి కాలు వంగిపోయింది. లోపలి వెదురుపుల్ల విరిగినట్టుంది. గౌరి దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని దొడ్లోకి నడిచింది. కళ్లుండాల్సిన చోట రెండు వరసల కుట్లు. పొట్ట దగ్గర గడ్డి పోచలు పొడుచుకొచ్చాయి. వెనకాల యుగంధర్, గురమ్మ, ఆఖర్న శైలజ.

యుగంధర్ అరిచి ఉంటే శైలజకు పని సులువయ్యేది. అరిచేవాళ్లతో ఆమె పాతికేళ్లుగా వేగుతోంది.

గౌరి దూడను చుక్క ముందు నిలబెట్టింది. అది పక్కకు ఒరిగింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ ఒరిగింది. చుక్క ముక్కు చాచి మూలిగింది.

"ఎవరైనా పట్టుకోండి," అంది గౌరి. ఎవరి వైపూ చూడకుండా.

ముందుకు వచ్చింది యుగంధర్. మోకాళ్ల మీద పేడలో కూర్చుని, గడ్డి దూడ నడుం చుట్టూ చేతులు వేసి నిటారుగా నిలబెట్టాడు. గౌరి ఉప్పునీళ్లు చిలకరించింది. చుక్క నాలుక బయటికొచ్చింది. తోలు మీద ఒకసారి, అతని మోచేతి మీద ఒకసారి, మళ్లీ తోలు మీద. అరుపు తగ్గి గొంతులో గురగుర మొదలైంది. గౌరి కింద కూర్చుని పొదుగు నిమిరింది. మొదటి ధార క్యాను అడుగున గట్టిగా మోగింది.

"మాకైతే వలేస్తే సేప వస్తాది," అంది గురమ్మ. "ఒక్క సెంబు పాలకి ఇంత నాటకమా వదినా?" గొంతులో వెక్కిరింత లేదు. కొడుకు వీపును చూస్తోంది. ఆ కొడుకు ఆవిడ చేతి ముద్ద తిని ఏళ్లవుతోంది. ఇప్పుడు చచ్చిన దూడను ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాడు.

శైలజకు చిన్న ఆశ పుట్టింది. చూశాడు, పారిపోలేదు. గేదె బాధ చూడలేక చెయ్యి వేశాడు. ఇంతకంటే మంచి అల్లుడు ఎక్కడ దొరుకుతాడు?

"కుట్లు బాగున్నాయి," అన్నాడు యుగంధర్.

"నేనే వేశాను," అంది గౌరి, ధార ఆపకుండా.

"నాకు సెప్పలేదు."

"సెప్దామనే అనుకున్నాను. రోజూ."

"ఎలాగ సచ్చింది?"

"జొరం," అంది శైలజ.

ఆ మాట ఆమె ఎంతమందికి చెప్పిందంటే, ఇప్పుడు దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. జ్వరం అనడానికి కారణం ఉంది. ఈ సంబంధం సంగతి పొక్కిన దగ్గర్నుంచి ఇంటికి చుట్టాలు ఒకటే రాక. సలహా ఇచ్చేవాళ్లు, ఏడ్చేవాళ్లు, కులం గురించి మాట్లాడి పోయేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ టీ. పాలు తాగనివాడికి పిల్లనెలా ఇస్తారని అడగడానికి వచ్చి, రెండేసి గ్లాసులు తాగి వెళ్లారు. మూడు చన్నుల పాలు చాలలేదు. ఒక సాయంత్రం శైలజ నాలుగోది కూడా పితికేసింది, ఈ ఒక్క పూటకే అనుకుని. మర్నాడు మరో బండెడు మంది దిగారు. దూడను ఎవరూ చంపలేదు. ఒక పూట మరిచిపోయారు, ఆ పైన మరో పూట.

"జొరమే నాయనా," అంది వెనకనుంచి చిన్నతల్లి, కోడల్ని కాయడానికి. "పోతే పోయింది, దున్నదూడే కదా. పెయ్యదూడైతే సూసుకుందుము."

యుగంధర్ తల తిప్పి చిన్నతల్లి వైపు చూశాడు.

"జొరం కాదు," అంది గౌరి.

శైలజ ఒక అడుగు ముందుకు వేసింది.

"గంగులు తోలు తీస్తన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కడుపు కోయించి సూసాను. మట్టి ఉంది, రెండు గడ్డిపోచలున్నాయి. పాలు నేవు." గౌరి చేతులు ఒక లయలో ఆడుతూనే ఉన్నాయి. "అది ఆకలికి సచ్చింది."

అంటే గౌరికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఇంట్లో జ్వరం కథ నడుస్తున్నంత సేపూ, ఆ పిల్ల అరుగు మీద కూర్చుని గోనెసంచి సూదితో ఆ పొట్టను కుడుతూ, తల్లి అందరికీ చెప్తున్న మాట వింటూనే ఉంది. ఒక్కసారీ తల ఎత్తలేదు.

"నాలుగో సన్ను దూడకి అన్నావు," అన్నాడు యుగంధర్.

"అన్నాను."

"మరి?"

గౌరి ఆలోచించినట్టు కూడా లేదు. "సాయంత్రం పూట పితికేది నేనే. డూటీ నుంచి వచ్చి, తొందర్లో నాలుగూ పితికీసినాను. మరిచిపోయి కాదు. మగదూడే కదా అనుకున్నాను."

గౌరి సాయంత్రం పూట చుక్క కింద ఎప్పుడూ కూర్చోలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికే చీకటి పడుతుంది. ఆ సంగతి శైలజకు తెలుసు, చిన్నతల్లికి తెలుసు, దొడ్డి గుమ్మంలో నిలబడ్డ నరసింగరావుకు తెలుసు. యుగంధర్‌కు తెలియదు. ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. చిన్నతల్లి కోడలి వైపు చూసింది, చూపు తిప్పేసుకుంది.

యుగంధర్ గౌరి మొహంలోకి చాలాసేపు చూశాడు. తరువాత దూడ చుట్టూ ఉన్న చేతుల్ని, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా విడిపించుకున్నాడు. దూడ ఒరిగి పేడలో పడింది. చుక్క తల విసిరి, ఒళ్లు బిగబట్టి ఎగచేపింది. ధార ఠక్కున ఆగిపోయింది. గౌరి చేతులు చన్నుల మీద అలాగే ఉండిపోయాయి.

"అమ్మా, పద," అన్నాడు యుగంధర్.

"ఒరే, మాటైనా అవ్వనియ్యి," అంది గురమ్మ.

"అయిపోయింది."

అతను మోకాళ్ల మీది పేడ దులుపుకోకుండానే వీధి వైపు తిరిగాడు. శైలజ అడ్డంగా వచ్చి నిలబడింది. ఏం చెప్పాలో తెలియలేదు, నిజం తప్ప. నిజం చెబితే ఆ అబ్బాయి ఈ గడప మళ్లీ తొక్కడు. చెప్పకపోతే గౌరి జన్మంతా అతని కళ్లలో ఆ దూడను చంపిన మనిషిగా ఉండిపోతుంది.

"బాబూ, ఒక్క మాట."

"అమ్మా," అంది గౌరి వెనకనుంచి, మెల్లగా. "నువ్వు లోపలికి వెళ్లు."

గౌరి మెల్లగా చెప్పిన మాట జరగకపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. శైలజ కదల్లేదు.